ఆఖరి కిక్ ఎవరు కొడతారు?

వేదిక మీది పెద్దలకు, పది రోజులు రగ్బీ శిబిరం నడిపిన కోచ్‌లకు, పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకు, పొద్దుటి నుంచీ ఎండలో చెమటోడ్చిన పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలి, కానీ వెలుతురు తగ్గేలోపు మనకు మైదానంలో పని ఉంది. క్షమించండి.

నాకిచ్చిన అంశం ‘లీగ్ ఫైనల్‌ను ఎలా చూడాలి’. ఫ్రాన్స్ రగ్బీ లీగ్ పోటీ టాప్ 14నే తీసుకుందాం. గెలిచిన జట్టు చేతికొచ్చేది కప్పు కాదు, బ్రెన్నస్ కవచం. 1892లో మొదటి ఫైనల్ రేసింగ్ క్లబ్‌కూ స్టాడ్ ఫ్రాన్సేకూ జరిగింది. 4-3తో రేసింగ్ గెలిచింది. ఆ రోజు రిఫరీ పియర్ ద కూబెర్తాఁ, అంటే ఆధునిక ఒలింపిక్స్‌కు ప్రాణం పోసిన మనిషే.

ఇక 2025 జూన్ 28 చూడండి. స్టాడ్ ద ఫ్రాన్స్‌లో టులూజ్, బోర్డో తలపడ్డాయి. మోకాలి గాయంతో టులూజ్ స్టార్ ఆటగాడు దుపాఁ లేడు. బోర్డో అప్పటికి నెల కిందటే యూరప్ చాంపియన్. అంతకు ముందు ఏడాది మార్సెయ్ ఫైనల్‌లో ఇదే బోర్డోను టులూజ్ 59-3తో చిత్తు చేసింది. ఈసారి మాత్రం ఆఖరి నిమిషంలో బోర్డో ఆటగాడు మాక్సిమ్ లుకు పెనాల్టీ కొట్టి స్కోరు 33-33 చేశాడు. అదనపు సమయం మొదలైంది, పదేసి నిమిషాల రెండు భాగాలు. అందులో టులూజ్ ఆటగాడు థొమా రామోస్ రెండు పెనాల్టీలు కొట్టాడు. 39-33. టులూజ్‌కు అది 24వ కవచం.

ఇందులో ఏం గమనించారు? బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత దాటించి నేలకు ఆనిస్తే ట్రై, దానికి 5. ట్రై తర్వాత స్తంభాల మధ్యకు కొట్టే కిక్ కన్వర్షన్, దానికి 2. ఎదుటివాళ్ల తప్పుకు దొరికే కిక్ పెనాల్టీ, దానికి 3. ఎనభై నిమిషాలు ట్రైల మీద ట్రైలు పెట్టారు. చివరికి సమం చేసిందీ కిక్కే, తేల్చిందీ కిక్కే. అందుకే ఫైనల్ చూసేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఆఖరి కిక్ ఎవరు కొడతారు?

సరిగ్గా ఆ మర్నాడు, జూన్ 29న, ముంబై అంధేరీలో మన రగ్బీ ప్రీమియర్ లీగ్ తొలి ఫైనల్ జరిగింది. చెన్నై బుల్స్ 41-0తో ఢిల్లీ రెడ్జ్‌ను ఓడించింది. హైదరాబాద్ హీరోస్ కూడా ఆ లీగ్ జట్టే, మనవాళ్లకు తెలిసిందే. అయితే అది సెవెన్స్, జట్టుకు ఏడుగురి ఆట. సెవెన్స్‌లో కన్వర్షన్ అయినా పెనాల్టీ అయినా డ్రాప్ కిక్కే. బంతిని చేతిలోంచి వదిలి, నేలను తాకి లేస్తుండగా తన్నాలి. బంతిని నిలబెట్టే చిన్న పీట, అంటే టీ, ఉండదు. మన దగ్గర పిల్లలు ఎక్కువగా ఆడేది సెవెన్స్, కాబట్టి టీ మీద బంతి నిలబెట్టడం చేతకాకుండానే పెద్దవాళ్లవుతున్నారు. పదిహేను మంది ఆటకు వెళ్లిన రోజున జట్టులో ఒక్కడికే కిక్ వచ్చి ఉంటుంది. వాడికి కండరం పట్టేస్తే? నాకు మనసు రగిలేది ఇక్కడే.

2009 మే 3, కార్డిఫ్. ఇది ఫైనల్ కాదు, యూరప్ కప్ సెమీఫైనల్, అయినా చెప్పి తీరాలి. కార్డిఫ్ బ్లూస్, లెస్టర్. ఒక దశలో లెస్టర్ 26-12తో ముందుంది. కార్డిఫ్ చివర్లో రెండు ట్రైలు పెట్టి 26-26 చేసింది. అదనపు సమయంలోనూ తేలలేదు. ఇక కిక్కుల పోటీ. ఎదురుగా, 22 మీటర్ల గీత మీద నుంచి, ఒకరి తర్వాత ఒకరు. కొట్టగలిగినవాళ్లందరి వంతూ అయిపోయింది. ఏడేసి కిక్కుల తర్వాత 6-6. ఎనిమిదో కిక్‌కు కార్డిఫ్ తరఫున వచ్చింది మార్టిన్ విలియమ్స్. వేల్స్‌కు గొప్ప ఫ్లాంకర్, బంతి కోసం జీవితమంతా కిందపడి పోరాడినవాడు. కొట్టాడు, పక్కకు పోయింది. లెస్టర్ నుంచి జోర్డన్ క్రేన్, నంబర్ 8, అతనూ కిక్కర్ కాదు. కొట్టాడు, లోపలికి వెళ్లింది. 7-6. కార్డిఫ్ యూరప్ కప్ ఆశ అక్కడితో ముగిసింది.

ఎదురుగా, 22 మీటర్లు! స్తంభాల మధ్య దూరం 5.6 మీటర్లు, అడ్డకర్ర ఎత్తు 3 మీటర్లు. అక్కడి నుంచి చూస్తే గురికి 14 డిగ్రీలకు పైగా వెడల్పు దొరుకుతుంది. విలియమ్స్‌ను తప్పుపట్టడం అన్యాయం. ఆ కిక్ నేర్పే అవసరం ఉందని ఎవరికీ తోచలేదు, అదీ తప్పు. 2022లో అదే యూరప్ కప్‌లో టులూజ్, ఐర్లాండ్ జట్టు మన్‌స్టర్ 24-24 దగ్గర ఆగినప్పుడు పద్ధతి మారిపోయి ఉంది. జట్టుకు ముగ్గురే కొట్టారు, టులూజ్ 4-2తో గెలిచింది. ముగ్గురు చాలు కదా అంటారా? వంద నిమిషాల తర్వాత మైదానంలో మిగిలిన ఆ ముగ్గురు ఎవరో ముందే మీకు తెలుసా?

సరే, పిల్లలూ, ఇటు చూడండి. బంతి బరువు 410 నుంచి 460 గ్రాములు, గాలి 9.5 నుంచి 10 పీఎస్ఐ. గాలి తగ్గిన బంతి దూరం పోదు. ప్రాక్టీసులో మెత్తటి బంతులు పెట్టి పిల్లల్ని తిట్టకండి, కోచ్‌లూ. టీ మీద బంతి కుట్టు గురికి సూటిగా ఉండాలి. బంతి కింది మూడోవంతులో, పాదం పైన గట్టి ఎముక తగలాలి. చీలమండ బిగించి ఉంచాలి, వేళ్లతో పొడవకూడదు. అసలు రహస్యం నిలబడే కాలు. అది బంతి పక్కన జానెడు ఎడంలో, వేళ్లు గురి వైపు చూస్తూ పడాలి. వెనక పడితే ఒళ్లు వెనక్కి వాలుతుంది, బంతి పైకి లేచి ముందే దిగిపోతుంది. కుడికాలి ఆటగాడు నడుమును త్వరగా తిప్పేస్తే బంతి ఎడమకు పోతుంది. అలసటలో జరిగేది ఎక్కువగా ఇదే. తొడ లేవదు, ఆ లోటు నడుముతో తీర్చుకోబోతాడు. నలభై మీటర్ల నుంచి ఒక్క డిగ్రీ తప్పితే స్తంభాల దగ్గరికి వెళ్లేసరికి 70 సెంటీమీటర్లు తేడా వస్తుంది.

పక్కగీత దగ్గర ట్రై పడిందనుకోండి. కన్వర్షన్‌కు ఎంత వెనక్కి వెళ్లాలన్నది మీ ఇష్టం, ట్రై పడిన చోటికి సూటిగా ఉంటే చాలు. స్తంభాల నడుమ నుంచి 30 మీటర్లు పక్కకు ఉంటే, వెనక్కి కూడా దాదాపు 30 మీటర్లు వెళ్తేనే గురి వెడల్పుగా కనిపిస్తుంది, 5.4 డిగ్రీలు. కానీ 22 మీటర్ల దగ్గరే ఆగితే 5.1 డిగ్రీలు! ఆ చిన్న లాభం కోసం ఎనిమిది మీటర్లు వెనక్కి వెళ్తే బంతి ఐదు మీటర్లు అదనంగా ఎగరాలి. చిన్న పిల్లలకు నా సలహా: దగ్గరే ఆగండి.

ఇంకొకటి. పెనాల్టీకి అరవై సెకన్లే. గాలికి బంతి టీ మీద నుంచి పడిపోయినా గడియారం ఆగదు. పెనాల్టీ అయితే ఎదుటివాళ్లు కదలకూడదు. కన్వర్షన్‌కు మాత్రం మీరు అడుగు వేయగానే గోల్ గీత నుంచి దూసుకొస్తారు. అందుకని నాలుగడుగుల పరుగును పదడుగులు చేసుకోకండి.

కోచ్‌లను వేడుకుంటున్నాను. కిక్ ప్రాక్టీసు ఆట మొదట్లో, తాజా కాళ్లతో పెట్టకండి. పరుగులన్నీ అయ్యాక, ఊపిరి ఎగపోస్తున్నప్పుడు పెట్టండి. ఒక్కొక్కరికి ఆరు కిక్కులు: ఎదురుగా రెండు, కుడివైపు రెండు, ఎడమవైపు రెండు. కొట్టేవాడికే కాదు, ముందు వరసల్లో తోసే ప్రాప్‌లకూ హుకర్లకూ లాక్‌లకూ.

మిగతా ప్రసంగం ఇంకా రెండు పేజీలుంది, స్క్రమ్ గురించి. అది మరోసారి. అదిగో, 22 గీత మీద టీ పెట్టి ఉంచారు, బంతుల్లో గాలి నేనే చూశాను. ముందు వరసలో ఆడే పిల్లలు లేవండి. ఎప్పుడూ కిక్ కొట్టనివాళ్లు ముందు.