నాన్న కటౌట్, నా ఆర్కాన్

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు చదవమని చీటీ ఇచ్చారు. ఇప్పటికే ముగ్గురు చదివారు కాబట్టి నేను జేబులో పెట్టుకుంటున్నాను. ఏమీ అనుకోకండి.

నాకిచ్చిన అంశం మినియేచర్లకు, అంటే బల్ల మీద ఆడే ఆటల్లోని చిట్టి బొమ్మలకు, రంగులేయడంలో మెళకువలు.

నా చేతిలో ఉన్నవాడు ఆర్కాన్. ఇంగ్లండ్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 1983లో తెచ్చిన వార్‌హామర్ ఆటలో పేరుమోసిన దండనాయకుడు. బల్ల మీద సైన్యాలు పేర్చి, టేపుతో దూరం కొలిచి, పాచికలేసి ఆడతారు. బొమ్మలు రంగు లేకుండా ముక్కలుగా వస్తాయి. అతికించుకోవడం, రంగులేసుకోవడం మన పని. కథలో వీడు ఒకప్పుడు సిగ్మార్ అనే దేవుడి కోసం కత్తి పట్టిన భక్తుడు. తర్వాత లోకాన్నే అంతం చేయడానికి బయల్దేరాడు. వీడి వాహనం డోర్‌ఘార్‌కు మూడు తలలు. వాహనం పెద్దదే, పైనున్న మనిషి మాత్రం నా బొటనవేలంత.

కవచం నలుపు. మొదటిసారి నేను డబ్బాలోని నలుపు తీసి అలాగే పూసేశాను. అంచులు, మేకులు, చెక్కడాలు అన్నీ మాయం. బొగ్గు ముక్క సవారీ చేస్తున్నట్టుంది.

ఇక్కడ నాన్న సంగతి చెప్పాలి. మెళకువలు తర్వాత చూద్దాం.

నాన్న సినిమా కటౌట్లు వేసేవారు. ప్లైవుడ్ మీద గళ్లు గీసుకుని, పరంజా ఎక్కి, నలభై అడుగుల ఎన్టీఆర్‌ని వేసేవారు. నాకు పదేళ్లప్పుడు క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి దగ్గర్నుంచి చూశాను. చెంప మీద జానెడు వెడల్పున నీలం పట్టీ, ముక్కు పక్కన ఆకుపచ్చ! "నాన్నా, ముఖం పాడుచేశావు" అన్నాను. ఆయన తిట్టలేదు. కిందికి దిగి, నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, సోడా బండి దగ్గర నిలబెట్టారు. "ఇప్పుడు చూడు." నీలం లేదు, పచ్చ లేదు. మీసం కింద నీడ, చెంప మీద ఎండ. "దగ్గరికి బాగుందంటే దూరానికి చచ్చిందన్నమాటేరా" అన్నారు.

నల్ల డబ్బా ఆయన దగ్గర ఉండేదే కాదు. ముదురు నీలంలో గోధుమ రంగు కలిపి నలుపు చేసుకునేవారు. ఫ్లెక్సీలొచ్చాక పనే పోయింది. కిరసనాయిలు డబ్బాలో బ్రష్షులు ఎండి కర్రల్లా అయ్యాయి. "ఈ వయసులో బొమ్మలేంటండీ" అని నన్నడిగేవాళ్లకు ఆ డబ్బా చూపించాలనిపిస్తుంది. సరే, అది వేరే గొడవ.

బొటనవేలంత బొమ్మకీ సోడా బండి సూత్రమే. ఆటలో దీన్ని బల్లకు అవతలి నుంచి చూస్తారు. ఇంత చిన్నదాని మీద గది వెలుతురు చాలినంత నీడ వేయదు. ఆ ఎండా నీడా మనమే వేయాలి. ముందు నల్ల ప్రైమర్, అంటే రంగు పట్టడానికి వేసే అడుగు పూత, కొట్టి, పైనుంచి మాత్రమే తెలుపు స్ప్రే చేయండి. ఎండ ఎక్కడ పడుతుందో బొమ్మే చెబుతుంది. రంగు నీళ్ల మజ్జిగలా పలచన చేసి రెండు మూడు పూతలు వేయండి. కవచానికి నీలం కలిపిన నలుపు, అంచుల వెంట బూడిద నీలం గీత, మూల తిరిగిన చోట తెలుపుకు దగ్గరైన చుక్క. దగ్గర్నుంచి చూస్తే ఆ చుక్క అతిగానే ఉంటుంది. ఉండనివ్వండి.

వెనక వరుసలో పసుపు చొక్కా బాబూ, అక్కణ్ణుంచి వీడి భుజం అంచు కనబడుతోందా? కనబడుతోంది కదా!

1987లో మొదలైన గోల్డెన్ డెమన్ అనే బొమ్మల రంగుల పోటీలో అందర్నీ మించినవాళ్లకు నిజం కత్తే ఇస్తారు. అక్కడి బొమ్మల్ని బాగా దగ్గర్నుంచి చూస్తారనుకోండి, ఆ లెక్క వేరు. నేను బల్ల మీది వాణ్ణి.

అన్నట్టు, శ్రావణంలో వార్నిష్ స్ప్రే కొట్టకండి. తడి గాలికి బూడిద పట్టినట్టు తెల్లబడుతుంది. ఎలా తెలుసని అడక్కండి.

నిర్వాహకులు గడియారం చూస్తున్నారు. బొమ్మను మీ మధ్యకు పంపిస్తున్నాను. కింద అతికించిన సీసా మూత పట్టుకుని చూడండి. కత్తి మాత్రం ముట్టుకోకండి, ఇప్పటికి రెండుసార్లు విరిగింది.