అద్దె యాట్‌లో బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్: గాలిని బట్టి రోజు, వెలుతురును బట్టి దారి

[తెర మీద: డ్రోన్ షాట్. రెండు వరుసల పచ్చటి కొండలు, మధ్యలో నీలం నీళ్లు, అక్కడక్కడా తెల్లటి తెరచాపలు]

నమస్తే అండి. కరీబియన్‌లోని బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌ని అద్దె యాట్‌లో ఎలా చుట్టి రావాలో ఈ వీడియోలో చూద్దాం. యాట్ అనగానే కోటీశ్వరుల వ్యవహారం అనుకుంటాం కదా. ఖర్చు తక్కువేం కాదు గానీ, ఇక్కడ రెండు కుటుంబాలో, నలుగురైదుగురు స్నేహితులో కలిసి వారం రోజులకు ఒక పడవ తీసుకుంటారు. అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, రోజుకో దీవి చూస్తారు. 1960ల చివరి నుంచీ ఇక్కడ ఈ వ్యాపారం నడుస్తోంది.

[తెర మీద: మ్యాప్. టోర్టోలా నుంచి బాణం గుర్తులు]

ఇన్ని దీవులుండగా ఇక్కడికే ఎందుకొస్తారు? మ్యాప్ చూడండి. ఉత్తరాన టోర్టోలా. దక్షిణాన వరసగా నార్మన్, పీటర్, సాల్ట్, కూపర్, జింజర్ దీవులు. తూర్పు చివర వర్జిన్ గోర్డా. మధ్యలో ఉన్న నీళ్లే సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ ఛానల్. చుట్టూ ప్రహరీ కట్టిన పెద్ద వాకిలిలా ఉంటుంది. బయటి సముద్రపు పెద్ద అలలను దీవులే అడ్డుకుంటాయి, గాలి మాత్రం ధారాళంగా వస్తుంది. ఒక దీవి దగ్గరుంటే తర్వాతి దీవి కంటికి కనిపిస్తూనే ఉంటుంది. ఆటుపోట్ల తేడా రెండడుగులు కూడా ఉండదు. కొత్తగా సెయిలింగ్ నేర్చుకున్నవాళ్లకు ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టమని నా నమ్మకం.

ఇక్కడ గాలి ఏడాదిలో ఎక్కువ కాలం తూర్పు వైపు నుంచే వీస్తుంది. చలికాలంలో మామూలుగా 15 నుంచి 20 నాట్ల వేగం ఉంటుంది (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు). తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురు వెళ్లలేదు. అందుకే తూర్పున ఉన్న వర్జిన్ గోర్డాకు వెళ్లాలంటే కాసేపు ఒక వాలున, కాసేపు ఇంకో వాలున వంకర్లు తిరుగుతూ వెళ్లాలి. పొద్దుటి పూటంతా దానికే సరిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు గాలే వెనక నుంచి తోస్తుంది. వారం ప్లాన్ వేసుకునేటప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

పడవను మూడు రకాలుగా తీసుకోవచ్చు. ఒట్టి పడవ తీసుకుని మీరే నడపడం బేర్‌బోట్. దీనికి కంపెనీ మీ సెయిలింగ్ అనుభవం వివరాలు అడుగుతుంది. రెండోది పడవతో పాటు ఒక స్కిప్పర్‌ని, అంటే పడవ నడిపే మనిషిని పెట్టుకోవడం. మూడోది వంటవాళ్లతో సహా సిబ్బంది అంతా ఉండేది. మీలో ఎవరూ నలభై అడుగుల పడవ నడిపి ఉండకపోతే స్కిప్పర్‌ని పెట్టుకోండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు. పిల్లలుంటే కాటమరాన్, అంటే పక్కపక్కనే రెండు అడుగుభాగాలుండే పడవ మేలు. ఒక పక్కకి అంతగా ఒరగదు, చోటు కూడా ఎక్కువ.

[తెర మీద: పడవ ముందు భాగం, చేతిలో కొక్కెం కర్ర, నీళ్లలో తేలుతున్న గుండ్రటి బోయా]

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. తెరచాప ఎత్తడం కంటే సాయంత్రం పడవను కట్టేయడమే పెద్ద పని. చాలా బేలలో, అంటే దీవి ఒడ్డు లోపలికి వంగిన చోట్లలో, మూరింగ్ బాల్స్ ఉంటాయి. సముద్రం అడుగున గట్టిగా బిగించి, పైన తేలేలా వదిలిన బోయాలవి. దాని దగ్గరికి గాలికి ఎదురుగా, ఇంజిన్ మీద బాగా నెమ్మదిగా రావాలి. చివరి కొన్ని అడుగుల్లో బోయా పడవ ముక్కు కిందకి వెళ్లిపోతుంది, చుక్కాని దగ్గరున్న మనిషికి కనపడదు. అందుకే ముందు నిలబడ్డవాళ్లు అరవకుండా, చేత్తో అది ఎటుందో చూపిస్తూ ఉండాలి. ఇంజిన్ చప్పుడులో అరుపులు ఎలాగూ వినపడవు. కొక్కెంతో బోయా తాడు పైకి లాగి, దాని కొసనున్న లూప్‌లోంచి మీ పడవ తాడు దూర్చి కట్టేస్తే పనైనట్టే. తర్వాత మాస్క్ పెట్టుకుని నీళ్లలోకి దిగి, కింద గొలుసు ఎలా ఉందో ఒకసారి చూసి రండి. రాత్రి నిశ్చింతగా నిద్రపడుతుంది.

పేరున్న బేలలో బోయాలు మధ్యాహ్నానికే నిండిపోతుంటాయి. చీకటి పడ్డాక పడవ నడపకూడదని చార్టర్ (పడవ అద్దె) ఒప్పందాల్లో సాధారణంగా రాసే ఉంటుంది. కాబట్టి పొద్దున్నే బయల్దేరి రెండు గంటలకల్లా కట్టేసుకోవడం మంచిది. లంగరు వేయాల్సి వస్తే తెల్లగా ఇసుక కనిపించే చోటే వేయండి. నీటి లోతుకు కనీసం ఐదు రెట్ల గొలుసు వదలాలి. పగడాల మీద మాత్రం దయచేసి వేయకండి. గుండ్రటి పెద్ద పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే ఎక్కువ. ఒక్క గొలుసు రాపిడికి దశాబ్దాల పెరుగుదల పోతుంది.

[తెర మీద: నీటి అడుగున ఓడ శిథిలం, పెద్ద ప్రొపెల్లర్]

చూడాల్సిన వాటిలో నేను ముందు చెప్పేది సాల్ట్ ఐలాండ్ దగ్గర మునిగిన ఆర్‌ఎంఎస్ రోన్ అనే ఓడ గురించి. 1867 అక్టోబర్ 29న తుపానులో చిక్కుకుని రాళ్లకు కొట్టుకుంది. కాగుతున్న బాయిలర్లకు చల్లటి సముద్రపు నీరు తగిలి పేలిపోయాయి, ఓడ రెండు ముక్కలైంది. వెనక భాగం తక్కువ లోతులో ఉండటంతో స్నార్కెల్‌తో (నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చే గొట్టం) పైన తేలుతూనే ప్రొపెల్లర్‌ని చూడొచ్చు. ఇది ఎంతోమంది ప్రాణాలు పోయిన చోటు. ఏ చిన్న ముక్కనూ తాకకండి, తీసుకురాకండి.

వర్జిన్ గోర్డాలోని ది బాత్స్ దగ్గర ఇళ్లంత గ్రానైట్ బండలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. వాటి సందుల్లో సముద్రపు నీరు మడుగుకట్టి ఉంటుంది, పై నుంచి ఎండ చారలుగా దిగుతుంది. జనం రాకముందే, పొద్దున్నే వెళ్లండి. చలికాలంలో ఉత్తరం నుంచి పెద్ద అలలు వస్తే ఎర్ర జెండా ఎగరేస్తారు. ఆ రోజు దిగొద్దు. నార్మన్ ఐలాండ్ గుహలు, యోస్ట్ వాన్ డైక్ దీవిలో తెల్లటి ఇసుక బీచ్ కూడా బాగుంటాయి. వాటి వీడియోలు ఇప్పటికే చాలా ఉన్నాయి కాబట్టి అనెగాడా గురించి చెప్తాను.

[తెర మీద: చదునైన దీవి, లేత నీలం నీళ్లు, గోధుమరంగు మచ్చలు]

మిగతా దీవులన్నీ కొండలైతే, అనెగాడా ఒక్కటే పగడాలు, సున్నపురాయితో ఏర్పడిన చదును దీవి. అత్యంత ఎత్తైన చోటు కూడా సముద్ర మట్టానికి తొమ్మిది మీటర్లు దాటదు. దూరం నుంచి ముందు చెట్లే కనిపిస్తాయి, నేల కనపడదు. చుట్టూ ఉన్న హార్స్‌షూ రీఫ్ అనే పగడాల దిబ్బ ఎన్నో ఓడలను ముంచింది. ఇక్కడికి సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడే రావాలి. అప్పుడే నీటి రంగు సరిగ్గా తెలుస్తుంది. ముదురు నీలమైతే లోతు, లేత నీలమైతే ఇసుక, గోధుమరంగు కనిపిస్తే పగడమో రాయో పైపైనే ఉందని అర్థం. పోలరాయిడ్ కళ్లజోడు ఉంటే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇంత జాగ్రత్త అవసరం కాబట్టే, స్కిప్పర్ లేకుండా అక్కడికి వెళ్లడానికి కొన్ని కంపెనీలు ఒప్పుకోవు.

చిన్న విషయాలు రెండు. ఇక్కడ చెల్లేది అమెరికన్ డాలర్. పక్కనే కనిపిస్తున్న సెయింట్ జాన్, సెయింట్ థామస్ మాత్రం అమెరికా కిందికి వస్తాయి. దగ్గరే కదా అని అటు తిప్పేయకండి, అది సరిహద్దు దాటడమే.

ఇక ఎప్పుడు వెళ్లాలి? జూన్ నుంచి నవంబర్ వరకు హరికేన్ సీజన్. 2017 సెప్టెంబర్ 6న వచ్చిన ఇర్మా హరికేన్ ఇక్కడి చార్టర్ పడవలను గుట్టలుగా ఒడ్డున పడేసింది. డిసెంబర్ చివర్లో, జనవరిలో గాలులు ఒక్కోసారి 25 నాట్లు దాటుతాయి. అనుభవం ఉన్నవాళ్లకు అది పండగే. మొదటిసారి వెళ్తున్నవాళ్లయితే ఏప్రిల్, మే నెలల్లో తేదీలు చూసుకోండి. గాలి కాస్త మెత్తబడుతుంది, బేలలో రద్దీ తగ్గుతుంది.