సన్ అమ్ముడుపోయిన వేసవి

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. ఉద్యోగావకాశాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. దానికి ముందు 2009 వేసవి గురించి చెప్పాలి.

అప్పుడు నాకు పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి, అమీర్‌పేటలో జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న అన్నయ్య గదికి వచ్చాను. అతను క్లాసుకు వెళ్తే అతని జిరాక్స్ నోట్సు చదువుతూ కూర్చునేవాణ్ణి. ఏప్రిల్‌లో ఒక రోజు పేపర్లో వార్త: జావాను తయారుచేసిన సన్ మైక్రోసిస్టమ్స్‌ను ఒరాకిల్ కొంటోంది. షేరుకు తొమ్మిదిన్నర డాలర్లు, మొత్తం 740 కోట్ల డాలర్లు. అంతకుముందు ఐబీఎంతో బేరం కుదరలేదట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అన్నయ్య ఫీజుకోసం నాన్న చేసిన అప్పు ఇంకా తీరలేదు. కంపెనీ చేతులు మారితే జావా ఏమవుతుంది? మర్నాడు అన్నయ్యతో వెళ్లి కోచింగ్ సెంటర్ మాస్టారిని అడిగాను. "అది పరీక్షలో రాదు, నీకెందుకు?" అన్నారు. ఆ మాట నాకు ఈనాటికీ మింగుడుపడలేదు. అధ్యాపకులారా, దయచేసి ఏ పిల్లవాడితోనూ ఆ మాట అనకండి.

జవాబు కోసం గ్రంథాలయంలో ఇంగ్లీషు పేపర్ల వ్యాపార పేజీలు పట్టుకున్నాను. సెలవులు అయిపోయినా మానలేదు. సెప్టెంబరులో యూరప్ దేశాల కూటమి పాలక సంస్థ అయిన యూరోపియన్ కమిషన్ ఈ కొనుగోలుపై లోతైన విచారణ మొదలుపెట్టింది. కారణం జావా కాదు, సమాచారాన్ని దాచి, అడిగినప్పుడు వెతికి ఇచ్చే డేటాబేసు సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్. సన్ దాన్ని 2008లో సుమారు 100 కోట్ల డాలర్లకు కొన్నది. డేటాబేసులు అమ్మే ఒరాకిల్ చేతికి ఉచితంగా దొరికే డేటాబేసు వెళ్తే పోటీ మిగులుతుందా అన్నది ప్రశ్న.

మైఎస్‌క్యూఎల్‌ను మొదట రాసినవారిలో ఒకరు మైకేల్ విడెనియస్. ఆ పేరులోని 'మై' ఆయన పెద్ద కూతురి పేరు. మళ్లీ చెబుతున్నాను, కూతురి పేరు! ఈ కొనుగోలును ఆపమని ఆయన సంతకాలు సేకరించారు. ఆగలేదు. 2010 జనవరిలో అనుమతి వచ్చింది, కొనుగోలు పూర్తయింది. పెద్ద కూతురి పేరు ఒరాకిల్ ఆస్తి అయింది. కానీ ఆ కోడ్ జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉంది. ఆ షరతుల ప్రకారం ఎవరైనా కోడ్ ప్రతి తీసుకుని ముందుకు నడపవచ్చు. ఆయన అప్పటికే ఆ పని మొదలుపెట్టి, చిన్న కూతురి పేరు పెట్టారు. అదే మరియాడీబీ. 2013లో వికీపీడియా దానికి మారింది.

ఒరాకిల్ మైఎస్‌క్యూఎల్‌ను మూసేయలేదు, ఉచిత ప్రతి ఇప్పటికీ ఇస్తోంది. సన్ తయారుచేసిన ఓపెన్‌సొలారిస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మాత్రం 2010లోనే ఆపేసింది. అయినా బయటివారు దాని కోడ్‌ను ఇల్యూమోస్ పేరుతో బతికించుకున్నారు.

మరి జావా? సన్ దాన్ని 2006లోనే జీపీఎల్ కింద విడుదల చేయడం ప్రారంభించింది. నా భయానికి జవాబు, నేను భయపడటానికి రెండేళ్ల ముందే రాసి ఉంది. ఆ గదిలో ఎవరూ దాన్ని చదవలేదు.

మీరు వాడే సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఎంతమంది చదివారు? చేతులెత్తండి. ముగ్గురు... నలుగురు. ఉద్యోగాల సంగతి మీ ప్లేస్‌మెంట్ అధికారి నాకంటే బాగా చెప్పగలరు. భోజనాల తర్వాత నేను ల్యాబులోనే ఉంటాను. రండి, మరియాడీబీ కోడ్‌తో పాటు వచ్చే లైసెన్సు ఫైలు తెరిచి మొదటి పేరా నుంచి కలిసి చదువుదాం.