గొంతు దాచుకున్న గాయని: ఆడ్రా మెక్‌డొనాల్డ్

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం మన ముచ్చట న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వే గురించి, అందులోనూ ఆడ్రా మెక్‌డొనాల్డ్ గురించి. బ్రాడ్‌వే నాటకాలకు ఇచ్చే టోనీ పురస్కారాలను పోటీలో నిలిచి నటనకు ఆరు గెలిచిన నటి ఆమె ఒక్కరే. నాటకం, సంగీత నాటకం, రెండింటిలోనూ ప్రధాన పాత్రకు, సహాయ పాత్రకు, అంటే నాలుగు విభాగాల్లోనూ గెలిచిన మొదటి వ్యక్తి కూడా. మన అతిథి ఒకప్పుడు పద్యనాటకాలు ఆడినవారు, ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటూ బ్రాడ్‌వే ప్రదర్శనలు వదలకుండా చూస్తున్నారు. నమస్కారమండీ.

అతిథి: నమస్కారం. వదలకుండా చూడడానికి ఆ టికెట్ ధరలు ఒప్పుకోవు లెండి. ఆమె ఆడుతున్నారంటే మాత్రం ఆ నెల వేరే ఖర్చులు తగ్గించుకుంటాను.

వ్యాఖ్యాత: అంత ఇష్టం ఎందుకు? పురస్కారాలను పక్కన పెట్టి చెప్పండి.

అతిథి: మన పద్యనాటకానికి పాత జబ్బు ఒకటి ఉంది. నటుడు పద్యం ఎత్తుకుంటాడు, చివర రాగం తీస్తాడు, జనం ‘వన్స్ మోర్’ అంటారు, మళ్లీ అందుకుంటాడు. ఆ కాసేపు వేదిక మీద కృష్ణుడు ఉండడు, గాయకుడే ఉంటాడు. నాకు ఆ రాగాలంటే ప్రాణమే, కాదనను. కానీ పాత్ర పక్కకు తప్పుకుంటుంది. ఈవిడ దారి పూర్తిగా వేరు. ఒపెరా, అంటే పాశ్చాత్య శాస్త్రీయ గాననాటకం, పాడగల గొంతు ఉన్నా, పాత్ర అడగకపోతే దాన్ని బయటికి రానివ్వరు.

వ్యాఖ్యాత: ఒపెరా శిక్షణ ఎక్కడిది?

అతిథి: న్యూయార్క్‌లోని కళల విద్యాలయం జూలియార్డ్‌లో. పుట్టింది 1970లో పశ్చిమ బెర్లిన్‌లో, తండ్రి అమెరికా సైన్యంలో ఉండేవారు. పెరిగింది కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో. ఒకచోట కుదురుగా ఉండని పిల్ల. మందులు వాడడం కన్నా ఇది మేలని తల్లిదండ్రులు అక్కడి నాటక బృందంలో చేర్చారు. తర్వాత జూలియార్డ్‌లో సీటు వచ్చింది. అక్కడేమో శాస్త్రీయ గానం, ఈమె మనసేమో బ్రాడ్‌వే మీద. చాలా నలిగిపోయారు. మధ్యలో చదువు ఆపి ‘ది సీక్రెట్ గార్డెన్’ అనే సంగీత నాటక బృందంలో చేరారు. బ్రాడ్‌వేలో ఆమె మొదటి పాత్ర ఏమిటో తెలుసా? భారతీయ ఆయా!

వ్యాఖ్యాత: నిజంగానా?

అతిథి: మరొకరి స్థానంలో వచ్చి చేశారు. కథ మొదలయ్యేది బ్రిటిష్ పాలనలోని మన దేశంలోనే కదా. ఆ తర్వాత జూలియార్డ్‌కు తిరిగి వెళ్లి 1993లో పట్టా తీసుకున్నారు. మరుసటి ఏడాదే ‘కారొసెల్’తో మొదటి టోనీ. ఆ పాత్రకు పరీక్ష ఇస్తూ స్పృహ తప్పి పడిపోయారు, అయినా అవకాశం దక్కింది.

వ్యాఖ్యాత: 28 ఏళ్లు నిండకముందే మూడు టోనీలు!

అతిథి: 1994, 1996, 1998. వాటిలో నన్ను నవ్వించేది రెండోది. ‘మాస్టర్ క్లాస్’లో పేరున్న ఒపెరా గాయని మరియా కల్లాస్ జూలియార్డ్‌లో పాఠం చెబుతుంటుంది, ఈమె ఆమె ముందు నిలబడి వణికే విద్యార్థిని. ఏ గదుల్లో అవస్థ పడ్డారో ఆ గదుల కథకే పురస్కారం! పైగా అక్కడ ఒపెరా గీతం పాడాలి, పాడుతూ భయపడాలి. బాగా పాడగలిగిన మనిషి తడబాటును నటించడం మాటలు కాదు. నాలుగోది 2004లో ‘ఎ రైసిన్ ఇన్ ది సన్’కు. అది పాటలు లేని నాటకం. గొంతు లేకుండా కూడా నిలబడగలనని అక్కడ తేల్చేశారు.

వ్యాఖ్యాత: నేను ఆమెను మొదట చూసింది టీవీలో. ‘ది గుడ్ ఫైట్’లో లాయర్ లిజ్ రెడ్డిక్‌గా. అంతకుముందు 2007 నుంచి ‘ప్రైవేట్ ప్రాక్టీస్’లో డాక్టర్ నయోమీ. ఇప్పుడు ‘ది గిల్డెడ్ ఏజ్’లో పెగ్గీ అనే అమ్మాయికి తల్లి. మీరు టీవీ మాట ఎత్తడమే లేదు!

అతిథి: ఎత్తితే ఫిర్యాదు అవుతుందని ఆగాను. లిజ్ పాత్ర బాగుంటుంది. కానీ ‘ప్రైవేట్ ప్రాక్టీస్’లో ఆమెకు తగినంత పని ఇవ్వలేదని నా అభిప్రాయం. నాలుగు సీజన్లు చేసి 2011లో బయటికి వచ్చారు, మళ్లీ వేదిక మీదికే. ‘పోర్గీ అండ్ బెస్’లో బెస్ పాత్ర, 2012లో అయిదో టోనీ.

వ్యాఖ్యాత: టీవీ ఆమె పాటను వాడుకోలేదంటారా?

అతిథి: ఒక్కసారి నిజంగా వాడుకుంది. 2013 డిసెంబరులో ఎన్‌బీసీ టీవీ ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ సంగీత నాటకాన్ని ప్రత్యక్ష ప్రసారం చేసింది. అందులో ఈమె క్రైస్తవ సన్యాసినుల మఠాధిపతి. మొత్తం కార్యక్రమం మీద విమర్శలు వచ్చాయి కానీ, ఈమె కొండలెక్కే పాట పాడినప్పుడు మాత్రం ఎవరూ పేరు పెట్టలేదు.

వ్యాఖ్యాత: ఆరో టోనీ?

అతిథి: ఆహా, అక్కడికే రావాలని చూస్తున్నాను. 2014లో ‘లేడీ డే ఎట్ ఎమర్సన్స్ బార్ అండ్ గ్రిల్’. 1959, ఫిలడెల్ఫియాలో చిన్న బారు. జాజ్ గాయని బిల్లీ హాలిడే చనిపోవడానికి కొన్ని నెలల ముందు. ఆవిడ పాడుతుంది, తాగుతుంది, కథలు చెబుతుంది, మధ్యలో మాట దారి తప్పుతుంది. ఆడ్రాది పైస్థాయిలో ఎగిరే గొంతు. హాలిడేది చిన్న పరిధి, కాస్త జీర, పదాన్ని తాళం కన్నా ఆలస్యంగా వదిలే పద్ధతి. ఆ రాత్రి నేను కళ్లు మూసుకుని వింటే ఆడ్రా దొరకలేదు. ఇది అనుకరణ అనేవాళ్లున్నారు. అనుకరణ రెండు పాటల వరకే నిలుస్తుంది. ఇక్కడ మత్తు పెరిగేకొద్దీ గొంతు కూడా ముక్కలవుతూ వస్తుంది, అది నటనే.

వ్యాఖ్యాత: మరి ‘జిప్సీ’లో ఇదే గొంతు మీద వివాదం వచ్చింది కదా.

అతిథి: 2024 చివర్లో మెజెస్టిక్ థియేటర్‌లో. బ్రాడ్‌వేలో అందులోని తల్లి రోజ్ పాత్ర చేసిన మొదటి నల్లజాతి నటి. 1959లో ఎథెల్ మెర్మన్ గుండెల నుంచి బాకాలా పాడిన పాత్ర అది. ఈమె గొంతు శాస్త్రీయం, నప్పలేదని కొందరన్నారు. నాకు కొన్ని చోట్ల వాళ్ల మాట నిజమే అనిపించింది, పైకి వెళ్లినప్పుడు స్వరం మరీ మెత్తగా తేలిపోయింది. కానీ చివరి పాటలో ఆ గొంతు పగులుతుంటే, బిడ్డల పేరు చెప్పుకుని తన కలల వెంట పరుగెత్తిన తల్లి కనిపించింది. దానికి 2025లో పదకొండో నామినేషన్. నటుల్లో ఇన్నిసార్లు ఎవరూ పోటీలో నిలవలేదు. పురస్కారం మాత్రం నికోల్ షెర్జింగర్‌కు వెళ్లింది.

వ్యాఖ్యాత: మన శ్రోతలు బ్రాడ్‌వే వరకు వెళ్లలేరు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

అతిథి: ‘లేడీ డే’ను హెచ్‌బీఓ చిత్రీకరించి 2016లో చూపించింది. ముందు బిల్లీ హాలిడే అసలు రికార్డులు రెండు మూడు వినండి, తర్వాత అది చూడండి. దాని వెంటనే ఆ మఠాధిపతి పాట పెట్టుకోండి. పాడింది ఒకే మనిషి అని మీ ఇంట్లో ఎవరైనా నమ్ముతారేమో చూడండి.