చేతి మీద దద్దురు ఏం చెబుతుంది? టీబీ ఇళ్లలో పరీక్షల మీద ఒంగోలు స్టూడియో చర్చ

సంధానకర్త: నమస్కారం. ఇంట్లో ఒకరికి టీబీ అని తేలితే మిగతావాళ్ల సంగతేంటన్నదే ఇవాళ్టి చర్చ. ఛాతీ వైద్యురాలు, టీబీ చికిత్స సూపర్‌వైజర్ మన స్టూడియోలో ఉన్నారు. చీమకుర్తి నుంచి ఒక తల్లి వచ్చారు, పేరు చెప్పొద్దన్నారు. అమ్మా, మీతోనే మొదలుపెడదాం.

తల్లి: మా ఆయన గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ పనికి పోతాడండి. రెండు నెలలు దగ్గితే గళ్ల పరీక్ష చేసి టీబీ అన్నారు. ఆ వారంలోనే నాకూ మా పెద్దోడికీ చేతికి సూది వేశారు. వాడికేం రాలా. నాకు మాత్రం ఇంత దద్దురు లేచింది. బయట ల్యాబులో రక్తం ఇస్తే అదీ పాజిటివే. రిపోర్టిచ్చినాయన ‘నీకూ టీబీ వచ్చేసిందమ్మా’ అన్నాడు. ఆ రోజు నుంచి పిల్లోళ్లకి అన్నం కలిపి పెట్టడం మానేశా.

వైద్యురాలు: ఆ మాట మీతో అలా అనకుండా ఉండాల్సిందమ్మా. పాజిటివ్ అంటే టీబీ క్రిమి ఎప్పుడో ఒంట్లోకి చేరింది, మీ రక్తంలోని రక్షణ కణాలు దాన్ని గుర్తుపడుతున్నాయి, అంతవరకే. జబ్బుగా మారకుండా అది నిద్రలో ఉన్నంతకాలం మీ నుంచి ఎవరికీ అంటదు. అలాంటి వందమందిలో అయిదు నుంచి పదిమందికే జీవితకాలంలో జబ్బు పైకి వస్తుంది. వచ్చేవాళ్లలో సుమారు సగం మందికి మొదటి రెండేళ్లలోనే వస్తుంది.

సంధానకర్త: ఆ పదిమంది ఎవరో పరీక్ష చెప్పదా?

వైద్యురాలు: చెప్పలేదు. చర్మ పరీక్షకైనా రక్త పరీక్షకైనా ఆ శక్తి లేదు. నిద్రలో ఉన్న క్రిమికీ లేచిన జబ్బుకీ తేడా కూడా ఇవి చూపించవు. అందుకే ముందు దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు ఉన్నాయేమో అడిగి, ఛాతీ ఎక్స్‌రే తీయిస్తాం.

సంధానకర్త: రెండింటికీ తేడా ఏమిటి?

వైద్యురాలు: మీ చేతికి వేసిన మాంటూ పరీక్షలో టీబీ క్రిమి నుంచి తీసిన ట్యూబర్‌క్యులిన్ అనే ప్రొటీన్ల మందుని చర్మం పొరలోకి ఎక్కిస్తాం. 48 నుంచి 72 గంటల మధ్య చూసి, గట్టిపడిన మేర 10 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే పాజిటివ్ అంటాం. చుట్టూ ఎర్రబడింది లెక్కలోకి రాదు. చిక్కేమిటంటే, చిన్నప్పటి బీసీజీ టీకా వల్ల కూడా దద్దురు లేవచ్చు. ఇగ్రా అనే రక్త పరీక్షలో బీసీజీలో లేని రెండు ప్రొటీన్లు వాడతారు. వాటిని చూసి రక్త కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే రక్షణ పదార్థాన్ని ఎంత వదిలాయో కొలుస్తారు. అవే ప్రొటీన్లతో చేసే చర్మ పరీక్ష సై-టీబీ, దానికి 2022లో మన దేశంలో అనుమతి వచ్చింది. అందులో 5 మిల్లీమీటర్లకే పాజిటివ్.

సూపర్‌వైజర్: మా తంటా ఆ మూడో రోజుదేనండీ. శుక్రవారం సూది వేస్తే ఆదివారం ఎవరు చూస్తారు? సోమవారం వేస్తే బుధ, గురువారాల్లో చూడొచ్చు. పొగాకు పనుల రోజుల్లో అయితే అప్పుడూ మనిషి దొరకడు. ఇంకోటి, టీబీకి యాంటీబాడీ రక్త పరీక్షలని ఒకప్పుడు అమ్మేవాళ్లు. తప్పుడు ఫలితాలు వస్తున్నాయని 2012లో కేంద్రం నిషేధించింది. ఇగ్రా అది కాదు.

తల్లి: మరి మా పెద్దోడికి రాలేదంటే వాడికి భయం లేనట్టేనా?

వైద్యురాలు: అప్పుడే అనలేం. క్రిమి చేరాక పరీక్షలో కనిపించడానికి ఎనిమిది, పది వారాలు పట్టొచ్చు. మీరు మరీ ముందు చేయించారు. మళ్లీ చేయాలి.

తల్లి: చిన్నదానికి నాలుగేళ్లు. దానికి సూది కూడా వెయ్యకుండా మాత్రలిస్తామన్నారు. పరీక్షే లేకుండా మందేందని నేను తీసుకోలా.

వైద్యురాలు: అయ్యో, అమ్మా! అందరికంటే ముందు మందు పడాల్సింది ఆ బిడ్డకే. అయిదేళ్లలోపు పిల్లల్లో క్రిమి తొందరగా జబ్బయ్యే ముప్పు ఎక్కువ, మెదడు పొరలకూ పాకొచ్చు. జబ్బు లేదని తేల్చుకున్నాక పరీక్ష కోసం ఆగకుండా, జబ్బు రాకుండా ఆపే మందు మొదలుపెడతాం. రోజూ ఐసోనియాజిడ్ ఆరు నెలలు, లేదంటే రిఫాపెంటిన్‌తో కలిపి వారానికోసారి, మొత్తం 12 సార్లు.

సూపర్‌వైజర్: నన్నడిగితే పెద్దవాళ్లకూ అంతే. 2021 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఇంట్లోవాళ్లంతా ఈ మందుకు అర్హులే. పరీక్ష అందుబాటులో లేకపోతే మందు ఆపొద్దనే అందులో ఉంది.

వైద్యురాలు: ఒప్పుకుంటాను. కానీ ఎక్స్‌రే వీలున్న చోట వదలొద్దు. లోపల అసలు జబ్బు దాగుంటే ఈ ఒకటి రెండు మందులకు క్రిమి మొండికేస్తుంది. లివర్ సంగతి, మద్యం అలవాటు కూడా అడగాలి. ఇక రాతి దుమ్ము ఉండనే ఉంది. క్వారీల్లో, మార్కాపురం వైపు పలకల పనుల్లో సిలికా పీల్చినవాళ్లకు టీబీ ముప్పు బాగా ఎక్కువ. ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతినే సిలికోసిస్ జబ్బు ఉన్నవాళ్లకు ఇంట్లో రోగి లేకపోయినా ఈ పరీక్షలు చేయాలి. మీ ఆయనతో పనిచేసినవాళ్లకు ఎవరైనా వచ్చి పరీక్ష చేశారా?

తల్లి: ఎవరూ రాలేదండి.

సూపర్‌వైజర్: ఆ పేర్లు నాకివ్వండమ్మా, నేను వెళ్తాను. రేపు చిన్నదాన్ని తీసుకురండి, బరువు చూస్తేగాని డోసు తేలదు.

తల్లి: పొద్దున బస్సుకే వస్తాం. పెద్దోణ్ణి కూడా తేవాలా?

సూపర్‌వైజర్: వాణ్ణీ తీసుకురండి. ముగ్గురికీ ఎక్స్‌రే తీయిద్దాం.