డీజిల్ బండికి ఏం పోయించాలి?

శ్రోతలందరికీ నమస్కారం.

పాత ట్రాక్టరు ఇంజన్ పక్కన, డీజిల్ ఫిల్టర్ దగ్గర, ఒక చిన్న గాజు గిన్నె బిగించి ఉంటుంది. ట్యాంకు నుంచి వచ్చే డీజిల్ ముందు ఆ గిన్నెలోకి దిగి, కాసేపు తేరుకుని, ఆ తరువాతే పంపు వైపు వెళుతుంది. డీజిల్ కంటే నీరు బరువు కాబట్టి, ఆయిలులో నీళ్లు ఉంటే గిన్నె అడుగున చేరతాయి. ఐటీఐలో డీజిల్ మెకానిక్ పాఠాలు చెప్పినన్నాళ్లూ, కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు నేను ఇంజన్ విప్పి చూపించలేదు. ఆ గిన్నె విప్పి వాళ్ల చేతిలో పెట్టేవాణ్ణి.

ఒక ఏడాది దుక్కుల వేళ ఒక రైతు ట్రాక్టరు తోలుకొచ్చారు. నాలుగు సాళ్లు దున్నగానే ఇంజన్ దగ్గుతున్నట్టు ఆగిపోతోందని చెప్పారు. గిన్నె విప్పితే అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు, అందులో తుప్పు నలుసులు. నీటికీ డీజిల్‌కూ మధ్య గోధుమరంగులో జిగురుగా ఒక పొర. వేలితో తీస్తే పాచిలా సాగింది. నిజానికి అది పాచి లాంటిదే. డీజిల్, నీరు కలిసే సరిహద్దులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. నీరు లేనిచోట అవి బతకలేవు.

"ఆయిలు మంచిదే సార్, బంకులోనే పట్టించాను" అన్నారాయన. అబద్ధం కాదు. బంకు నుంచి తెచ్చింది మంచి డీజిలే. అయితే కొట్టం వెనక, వాన పడే చోట, మూత సరిగా బిగించని ఇనప డ్రమ్ములో దాన్ని మూడు నెలలు నిల్వ ఉంచారు. డీజిల్ అక్కడ పాడైంది.

డీజిల్ బండికి ఏ ఇంధనం మంచిదని అడిగేవారిలో చాలామంది ఏ కంపెనీది, మామూలుదా ప్రీమియమా అని అడుగుతారు. నన్నడిగితే అది ఆఖరి ప్రశ్న. ముందు చూసుకోవలసినవి మూడు: అందులో నీళ్లున్నాయా, ఇంకేదైనా కలిసిందా, అసలు మన ఇంజన్ కోరే ఇంధనం అదేనా.

డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లోకి గాలిని మాత్రమే పీల్చుకుని, దాన్ని పదహారు, పదిహేడో వంతుకు కుదిస్తుంది. సైకిలు పంపు గబగబా కొడితే అడుగుభాగం వేడెక్కడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ ఆ వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. సరిగ్గా ఆ క్షణంలో ఇంజెక్టర్ డీజిల్‌ను మంచులా చిమ్ముతుంది. అది తనంతట తానే అంటుకుంటుంది. ఎంత తొందరగా అంటుకుంటుందో చెప్పే అంకె సీటేన్. మన దేశంలో బంకుల్లో అమ్మే డీజిల్‌కు అది 51కి తగ్గకూడదు. పెట్రోలుకు కావలసిన గుణం దీనికి పూర్తిగా ఎదురు. ప్లగ్గు మెరిసేదాకా అది అంటుకోకుండా ఓర్చుకోవాలి. ఆ ఓర్పును కొలిచేది ఆక్టేన్. కాబట్టి బంకు బోర్డు మీద వంద అంకె ఉన్న ఖరీదైన పెట్రోలు కనిపించినా, డీజిల్ బండికి అది మేలు చేసేది కాదు, హాని చేసేది.

ఆ హాని ఎలా ఉంటుందో చెబుతాను. ఒక రాత్రి నా పాత విద్యార్థి ఒకరు ఫోను చేశాడు. 

"సార్, డీజిల్ కారులో పెట్రోలు పోసేశారు. పదిహేను లీటర్లు పడ్డాయి." 

"తాళం తిప్పావా?" 

"లేదు సార్. మూత పెట్టేటప్పుడు వాసన తేడాగా అనిపించి రసీదు చూశాను." 

"ఇక తాళం జోలికి పోకు. న్యూట్రల్‌లో పెట్టి పక్కకు తోయించు."

ఆ రసీదు చూడటమే అతని కారును కాపాడింది. చాలా కొత్త కార్లలో తాళం సగం తిప్పినా చాలు, ట్యాంకులోని చిన్న మోటారు ఇంధనాన్ని ముందుకు తోసేస్తుంది. ముందున్న హై ప్రెషర్ పంపుకు విడిగా కందెన ఉండదు, డీజిలే దానికి కందెన. పెట్రోలుకు ఆ జిడ్డు లేదు. లోపల లోహం లోహాన్ని రాచుకుని సన్నని రజను రాలుతుంది. ఆ రజను పైపుల గుండా ఒక్కో ఇంజెక్టర్‌కూ చేరుతుంది. అక్కడిదాకా వెళితే పంపు, పైపులు, ఇంజెక్టర్లు అన్నీ మార్చాల్సి రావచ్చు. స్టార్టు చేయకముందే తెలుసుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, మంచి డీజిల్ పోస్తే సరిపోతుంది. కారు దిగి, నాజిల్ ఏ యంత్రం నుంచి వస్తోందో చూసి, "డీజిల్" అని నోరారా చెప్పి, మీటరు మీద సున్నా చూసుకోండి. అందుకు పట్టేది అర నిమిషం.

పాత ఇంజన్లు ఇంత సుకుమారం కావన్నది నిజమే. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో, అంటే ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ అందే ఇంజన్లలో, ఆ ఒత్తిడి దాదాపు రెండు వేల బార్ వరకు వెళుతుంది. అంటే కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి కొన్ని వందల రెట్లు. ఇంజెక్టర్ కొనన ఉండే రంధ్రం వెంట్రుక మందానికి కాస్త అటూఇటూగా ఉంటుంది. గాజు గిన్నెలో మనకు కనిపించిన తుప్పు నలుసు ఆ రంధ్రం ముందు బండరాయే. అందుకే కొత్త బండ్లలో నీళ్లు చేరితే హెచ్చరించే దీపం డాష్‌బోర్డు మీద పెడుతున్నారు. అది వెలిగితే వారం తరువాత చూద్దాం అనుకోకండి. ఫిల్టర్ అడుగున ఉన్న మర వదులు చేసి నీళ్లు తీసేయించండి.

ఇప్పుడు బీఎస్-6 సంగతి. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండ్ల పొగకూ ఇంధనానికీ ప్రభుత్వం మెట్లుమెట్లుగా పెట్టిన కాలుష్య ప్రమాణం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 డీజిలే అమ్ముతున్నారు. ఢిల్లీకి అది రెండేళ్ల ముందే, 2018లో వచ్చింది. మధ్యలో ఐదో మెట్టు ఎక్కకుండానే నాలుగు నుంచి ఆరుకు దూకాం. అసలు తేడా గంధకంలో ఉంది. బీఎస్-3లో పది లక్షల భాగాలకు 350 భాగాలు, బీఎస్-4లో 50 భాగాలు ఉండే గంధకం ఇప్పుడు 10 భాగాలకు మించకూడదు. గంధకం తగ్గితేనే పొగగొట్టంలో మసిని పట్టే వడపోతలు, విషవాయువులను విరగ్గొట్టే పరికరాలు పాడవకుండా పనిచేస్తాయి. మన పిల్లల ఊపిరితిత్తులకు సంబంధించిన విషయం ఇది. ఆ మార్పు వచ్చినందుకు నేను నిజంగా సంతోషించాను.

అప్పట్లో లారీ యజమానులకు ఒక భయం ఉండేది. గంధకం తీసేస్తే జిడ్డు పోతుంది, పాత పంపులు అరిగిపోతాయి అని. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. గంధకాన్ని తీసే క్రమంలో డీజిల్‌కు సహజంగా ఉండే జిడ్డు తగ్గుతుంది. అందుకే రిఫైనరీలు జిడ్డును పెంచే రసాయనం కలుపుతాయి. దానికి ఒక పరీక్ష ఉంది. డీజిల్‌లో ముంచిన ఉక్కు గోలీని ఉక్కు పలక మీద రాపిడి చేస్తే, గోలీ మీద పడే అరుగుడు మచ్చ 460 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరులోపే ఉండాలి. కాబట్టి మీది ఇరవై ఏళ్ల నాటి లారీ అయినా బంకు డీజిల్‌తో నిశ్చింతగా నడుపుకోవచ్చు.

అదే ఇరవై ఏళ్ల లారీలో కిరసనాయిలు కలిపితే మాత్రం పంపు అరిగేది ఖాయం. అది డీజిల్ కంటే పలుచన, జిడ్డు తక్కువ. ఈ కల్తీ ఎంత లోతైన వ్యాపారమో రెండు మరణాలు చెబుతాయి. 2005 నవంబరులో ఉత్తర ప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖీరీలో మంజునాథ్ షణ్ముగం అనే యువకుణ్ణి కాల్చి చంపారు. ఇండియన్ ఆయిల్‌లో సేల్స్ అధికారి. కల్తీ చేస్తున్న బంకుకు సీలు వేయించడం ఆయన చేసిన పని. వయసు 27. 2011 జనవరిలో మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర కల్తీ ముఠాను పట్టుకోబోయిన అదనపు కలెక్టరు యశ్వంత్ సోనావణేను సజీవంగా తగలబెట్టారు. లీటరుకు కొన్ని రూపాయలు మిగులుతాయని చెప్పి ఎవరైనా మీ ముందు డబ్బా పెట్టినప్పుడు, ఆ ఇద్దరూ గుర్తుకు రావాలని నా కోరిక.

తక్కువ ధర అనగానే యానాం గుర్తొస్తుంది. కాకినాడ వైపు వాళ్లు అక్కడికి, అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లు కర్ణాటక సరిహద్దు బంకులకు వెళ్లడం మామూలే. అందులో తప్పు పట్టడానికి లేదు. అక్కడ తేడా పన్నులో ఉంది, డీజిల్ ప్రమాణం ఒకటే. జాగ్రత్త పడాల్సింది రహదారుల పక్కన, షెడ్లలో, "బయోడీజిల్" అని చెప్పి అమ్మే సరుకు దగ్గర. గుజరాత్‌లో దాడులు చేసినప్పుడు ఆ పేరుతో పారిశ్రామిక నూనెలు అమ్ముతున్నట్టు బయటపడింది.

అసలైన బయోడీజిల్‌ను నేను తక్కువ చేయను. 1900లో ప్యారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఆ సంగతి రుడాల్ఫ్ డీజిలే తరువాత చెప్పుకున్నాడు. అలాగని అనంతపురం గానుగ నూనెను ఇప్పటి ఇంజన్‌లో పోయకూడదు. వంటనూనె డీజిల్ కంటే దాదాపు పది రెట్లు చిక్కన. ఇంజెక్టర్ దాన్ని మంచులా చిమ్మలేదు, చుక్కలుగా రాలుస్తుంది, సగం కాలి సగం మసి కడుతుంది. మిథనాల్‌తో చర్య జరిపి ఆ చిక్కదనం తగ్గిస్తేనే అది బయోడీజిల్ అవుతుంది. మామూలు డీజిల్‌లో దాన్ని 7 శాతం వరకు కలపడానికి ప్రమాణాలు ఒప్పుకుంటాయి. అంతకు మించి వాడాలంటే బండితో ఇచ్చిన పుస్తకం ఏం చెబుతోందో చూడాలి.

ఇంకొక పొరపాటు ఈమధ్య ఎక్కువగా కనబడుతోంది. కొత్త లారీలకు నీలం మూతతో చిన్న ట్యాంకు ఒకటి ఉంటుంది. పొగలోని విషవాయువులను విరగ్గొట్టడానికి వాడే, డెఫ్ అని పిలిచే ద్రావణం అందులో పోయాలి. అందులో ఉండేది 32.5 శాతం స్వచ్ఛమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. యూరియానే కదా అని పొలానికి చల్లే బస్తా యూరియాను బోరు నీళ్లలో కలిపి పోస్తున్నారు. ఆ యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, బోరు నీళ్లలో ఉప్పులు ఉంటాయి. రెండూ కలిసి పొగగొట్టంలోని ఖరీదైన పరికరాన్ని చంపేస్తాయి. ఇక డెఫ్‌ను పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే, పెట్రోలు పడినప్పటిలాగే తాళం ముట్టుకోకూడదు.

మన దగ్గర చలికి డీజిల్ గడ్డకట్టే బాధ లేదు. కానీ కారులో లద్దాఖ్ వెళ్లే తెలుగు కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు. డీజిల్‌లో మైనం ఉంటుంది. గట్టి చలిలో అది పేరుకుని ఫిల్టర్‌ను మూసేస్తుంది. అందుకే 2019 నవంబరులో లద్దాఖ్ కోసం సున్నాకు 33 డిగ్రీల దిగువన కూడా పారే శీతాకాలపు డీజిల్ వచ్చింది. చలికాలంలో వెళితే కింది మైదానాల్లో నింపిన ట్యాంకుతో అక్కడ రాత్రి గడపకండి.

మరి ప్రీమియం డీజిల్? అందులో సీటేన్ కాస్త ఎక్కువ, ఇంజెక్టర్లను శుభ్రంగా ఉంచే రసాయనాలు ఉంటాయి. పోయిస్తే నష్టం లేదు. అయితే కంపెనీ పుస్తకం అడగనప్పుడు ప్రతిసారీ ఆ అదనపు ధర పెట్టనక్కరలేదన్నది నా అభిప్రాయం. ఆ డబ్బుతో వేళకు డీజిల్ ఫిల్టర్ మార్పించండి.

అనుమానం వస్తే బంకులో అడిగే హక్కు మీకుంది. ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమనవచ్చు. సాంద్రత చూపమనవచ్చు. గాజు జాడీలో డీజిల్ పోసి, సాంద్రతమాపిని, థర్మామీటరును వదిలి, వచ్చిన అంకెను 15 డిగ్రీల లెక్కకు మార్చి, ఆ బంకు రిజిస్టరులో రాసుకున్న అంకెతో పోలుస్తారు. ఘనపు మీటరుకు మూడు కిలోల కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. కొద్దిపాటి కల్తీ ఈ పరీక్షకు దొరకకపోవచ్చు. అయినా అడిగేవాడు ఉన్నాడని తెలిసిన బంకులో జాగ్రత్త పెరుగుతుంది. వానాకాలంలో ట్యాంకరు దింపుతున్న వేళ మాత్రం కాసేపు ఆగండి. భూమిలోని ట్యాంకు అడుగున తేరుకున్నదంతా అప్పుడు పైకి లేస్తుంది.

ఆ రైతు డ్రమ్ము సంగతి చెప్పలేదు కదూ. నేను చెప్పినట్టే ఆయన డ్రమ్మును కడిగి ఎండబెట్టి, కొట్టం లోపల చెక్క దుంగల మీద పడుకోబెట్టారు. కుళాయి ఉన్న వైపు కాస్త ఎత్తుగా, వెనక వైపు పల్లంగా ఉంచారు. నీళ్లు, మడ్డి వెనక్కి చేరతాయి, కుళాయిలోకి పైనున్న తేట డీజిల్ వస్తుంది. కొత్తగా నింపాక ఒక రోజంతా కదపకుండా ఉంచుతారు. ట్రాక్టరులో పోసేటప్పుడు గరాటుకు సన్నని జల్లెడ. సాయంత్రం పని ముగిశాక ట్యాంకు నింపేసి పెడతారు, రాత్రి ఖాళీ జాగాలో తేమ పట్టకుండా. మరుసటి ఏడాది దుక్కులకు ముందు నేను ఆ ఊరు వెళ్లినప్పుడు, ఆయనే నన్ను ట్రాక్టరు దగ్గరకు తీసుకెళ్లి గాజు గిన్నె విప్పి చూపించారు. లేత పసుపు రంగు డీజిల్, అడుగున గిన్నె మీద అచ్చుపోసిన అక్షరాలు స్పష్టంగా కనిపించాయి.

నమస్కారం.