నోరు తెరిచిన పువ్వు

(విజయవాడలో ఉప్పునీటి అక్వేరియంలు పెంచేవారి ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక క్షమాపణ. జబ్బు చేసి నా దగ్గర కోలుకున్న సీ అనిమోన్ అనే సముద్రపు జంతువు గురించి ఇవాళ మాట్లాడబోతున్నాను. దాన్ని కూడా వెంట తీసుకురమ్మని నిర్వాహకులు అడిగారు. తీసుకురాలేదు. సత్యనారాయణపురం నుంచి ఇక్కడిదాకా దాన్ని బకెట్లో పెట్టి ఆటోలో తిప్పితే మళ్లీ తేరుకోడానికి ఎన్నాళ్లు పడుతుందో! అన్నాళ్లూ మా ఆవిడ అనే మాటలు పడే ఓపిక నాకు లేదు. దాని బదులు నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటర్ తెచ్చాను. మీ ట్యాంకు నీళ్లు సీసాల్లో పట్టుకు రమ్మని కబురు పెట్టాం కదా, ఆ పని చివర్లో చూద్దాం.

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు సీ అనిమోన్ గుర్తుండే ఉంటుంది. సన్యాసి పీత తన శంఖం మీద ఎక్కించుకు తిరిగేది ఈ జాతే. చూడ్డానికి పువ్వు, పుట్టుకకు జంతువు. జెల్లీ చేపకూ పగడానికీ దగ్గరి చుట్టం. ఎముక లేదు, మెదడు లేదు. తిండి లోపలికి పోవడానికీ, చెత్త బయటికి రావడానికీ ఉన్నది ఒకటే దారి. ఈ ఒక్క సంగతి తెలియక నేను ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నానో చెప్పలేను. ఆరోగ్యంగా ఉన్న అనిమోన్ కూడా అప్పుడప్పుడూ ముడుచుకుని, నోట్లోంచి గోధుమరంగు తీగలాంటి చెత్త వదిలి, కాసేపటికి మళ్లీ విచ్చుకుంటుంది. అది జబ్బు కాదు, దొడ్డికి వెళ్లడం.

ఇక నా కథ. మూడేళ్ల కిందట మాఘమాసంలో ఒక దుకాణంలో బబుల్ టిప్ అనిమోన్ కొన్నాను. వేళ్ల కొసలు చిన్న బల్బుల్లా ఉబ్బి ఉంటాయి కాబట్టి ఆ పేరు. వేళ్లు అంటున్నాను, పుస్తకంలో స్పర్శకాలు అంటారు. నేను కొన్నది మల్లెపువ్వులా తెల్లగా ఉంది. "వైట్ వెరైటీ సార్, రేర్‌గా వస్తుంది" అన్నాడు దుకాణదారు. అవునేమో అనుకుని నాలుగు డబ్బులు ఎక్కువే ఇచ్చాను. అంటే రోగానికి ఎదురు ప్రీమియం కట్టానన్నమాట.

ఎందుకంటే ఆ తెలుపు దాని రంగు కాదు. ఈ అనిమోన్ చర్మం లోపల కంటికి కనిపించని ఏకకణ నాచు కాపురం ఉంటుంది. జూజాంథెల్లే అంటారు. వెలుతురు పడితే ఆ నాచు ఆహారం తయారు చేస్తుంది, అందులో సింహభాగం అనిమోన్‌కే ఇస్తుంది. గోధుమరంగు ఆ నాచుదే. నీళ్లు మరీ వేడెక్కినా, వెలుతురు చాలకపోయినా, ఒక్కసారిగా ఎక్కువైనా నాచు వెళ్లిపోతుంది. మిగిలేది తెల్లటి తోలు. కాబట్టి తెల్ల అనిమోన్ అంటే వంటింట్లో పొయ్యి ఆరిపోయిన ఇల్లు. వెంటనే చావదు, లోపల దాచుకున్నది తింటూ నానాటికీ చిన్నదవుతూ పోతుంది. పసుపు, గులాబి రంగులు అద్ది అమ్మేవీ ఉంటాయి. వాటి జోలికి అసలు వెళ్లకండి.

మే నెల వచ్చింది. మన బెజవాడ ఎండ గురించి మీకు నేను చెప్పాలా? మధ్యాహ్నం కరెంటు పోయి సాయంత్రం వచ్చేసరికి ట్యాంకు నీళ్లు 31 డిగ్రీలు. దానికి కావలసింది 25, 26. రెండో రోజు పొద్దున్నే మా ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చి, "ఏవండీ, మీ పువ్వు నోరు తెరిచింది" అంది. వెళ్లి చూస్తే నిజమే. నోరు వదులై లోపలి పొరలు బయటికి కనబడుతున్నాయి. వేళ్లు వడిలిపోయి ఉన్నాయి. స్పూను కాడతో తాకితే మామూలుగా పట్టుకుని లాగుతుంది, ఆ రోజు అంటుకోనేలేదు. పాదం, అంటే దాని అడుగుభాగం, మాత్రం ఇంకా రాయిని పట్టుకునే ఉంది. ఆ ఒక్క ఆశతోనే మొదలుపెట్టాను.

టెన్షన్‌లో మనిషి చేసే పనులన్నీ చేశాను. లైటు పెంచాను. ఏదో విటమిన్ చుక్కలు పోశాను. బలం వస్తుందని రోజూ బొటనవేలంత రొయ్య ముక్క నోట్లో పెట్టాను. అది మింగేది. నేను మురిసిపోయేవాణ్ని. అర్ధరాత్రి టార్చి వేసి చూస్తే ఆ ముక్క జిగురు పట్టి తెల్లటి ఉండై బయట పడి ఉండేది.

మా బావమరిదికి బందరు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఆ వారం ఏదో పెళ్లికి బెజవాడ వచ్చి మా ఇంటికి వచ్చాడు. ట్యాంకు చూసి, అనిమోన్‌ని కాదు, నీటి మట్టాన్ని చూశాడు. "బావా, నీళ్లు ఎన్నాళ్లకోసారి కలుపుతారు?" అన్నాడు. తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్లు కలిపి పోస్తున్నానన్నాను. చల్లబడుతుందని ట్యాంకు మీద టేబుల్ ఫ్యాను పెట్టాను కదా, రోజుకు రెండు మూడు లీటర్లు ఆవిరయ్యేవి. వాడు నవ్వి కారులోంచి రిఫ్రాక్టోమీటర్ తెచ్చాడు. గాజు పలక మీద మూడు చుక్కలు వేసి, మూత దించి, కిటికీ వైపు పట్టుకుని చూడమన్నాడు. పైన నీలం, కింద తెలుపు. రెండూ కలిసే గీత 40 దగ్గర ఉంది, అంటే వెయ్యి పాళ్ల నీళ్లలో 40 పాళ్లు ఉప్పు. సముద్రం 35. నా దగ్గరున్న ముల్లు మీటరేమో ముల్లుకు ఉప్పు పేరుకుని నెలల తరబడి అబద్ధం చెబుతోంది.

"ఆవిరయ్యేది నీళ్లు బావా, ఉప్పు కాదు. ఎండాకాలంలో చెరువులో సాలినిటీ పెరుగుతుందని మా పాలేరుక్కూడా తెలుసు" అన్నాడు. బ్యాంకులో ముప్పై ఏళ్లు లెక్కలు చూసినవాణ్ని, తలదించుకున్నాను.

తగ్గిన నీటికి బదులు పోయాల్సింది ఉప్పు లేని ఆర్వో నీళ్లు. వాటర్ క్యాన్ నీళ్లన్నీ ఒకటే అనుకోవద్దు, నీళ్లలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటరు ముంచి చూడండి, సున్నాకు దగ్గరగా ఉండాలి. 40 నుంచి 35కి ఒక్కరోజులో దించకూడదు. నాకు పది రోజులు పట్టింది. రోజూ ఒక మగ్గు ఉప్పునీళ్లు తీసి ఒక మగ్గు ఆర్వో నీళ్లు పోయడం, అంతే.

వేడికి, నీళ్లను చల్లబరిచే చిల్లరు యంత్రం పెట్టుకోగలిగితే పెట్టుకోండి. అంత డబ్బు లేకపోతే ఫ్యాను, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ గాలి పంపు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసాలు తేలవేయడం కూడా పనికొస్తుంది, కానీ ఒకేసారి నాలుగు వేసి రెండు డిగ్రీలు ఠక్కున దించకండి.

లైటు విషయంలో అంతకుముందు చేసినదానికి పూర్తిగా తలకిందులుగా చేశాను. నాచు లేని చర్మానికి గొడుగు లేనట్టే. కాబట్టి లైటు సగానికి తగ్గించి, రోజుకు ఆరు గంటలతో మొదలుపెట్టి, వారానికి కాస్త చొప్పున పెంచుకుంటూ పోయాను.

తిండి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. బావమరిది చెరువులో చెక్ ట్రే వేస్తాడు. మేత మిగిలిందంటే తరవాతి పూట తగ్గిస్తాడు. "రొయ్య తినని మేతని నీళ్లు తింటాయి" అంటాడు. అనిమోన్‌కూ అదే. పచ్చి రొయ్యని, ఉప్పూ కారం పసుపూ ఏమీ తగలనిదాన్ని, పెసరగింజంత ముక్కలు చేశాను. మూడు రోజులకో ముక్క. పొడవాటి ప్లాస్టిక్ పట్టకారుతో నోట్లో కుక్కకుండా వేళ్లకు ఆనించి వదిలేయాలి. మొదటి రెండుసార్లు ముక్క జారిపోయింది, తీసేశాను. మూడోసారి రెండు వేళ్లు ముక్కను పట్టుకుని, ఆలోచించుకున్నట్టు ఆగి, మెల్లగా లోపలికి వంచాయి. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. మింగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మర్నాడు పొద్దున టార్చి వేస్తే అడుగున ఏమీ లేదు.

ట్యాంకులో అనిమోన్ వేళ్ల మధ్య కాపురముండే క్లౌన్ చేపలుంటే జబ్బు చేసినన్నాళ్లూ వాటిని అడ్డు పెట్టి వేరు చేయండి. వాటికి ప్రేమ ఎక్కువే, కానీ నీరసించిన అనిమోన్ మీద అవి పొర్లడం జ్వరంతో ఉన్నవాడి మీద పిల్లలు ఎక్కి దూకడం లాంటిది. చేపలకు తెల్లమచ్చ వచ్చిందని రాగి కలిసిన మందు వేశారా, అనిమోన్ పోయినట్టే. రాయిని పట్టుకున్న పాదాన్ని ఊడబెరకొద్దు. చిరిగిన పాదం ముడుచుకున్న వేళ్లకన్నా ప్రమాదం. ఉత్తచేత్తో తడమొద్దు కూడా. దాని దంశకణాల్లో, అంటే కుట్టే కణాల్లో, విషం ఉంటుంది. 1902లో పోర్టియర్, రిషే అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు అనిమోన్ విషంతో కుక్కల మీద పరీక్షలు చేస్తూనే ప్రాణాంతకమైన అలర్జీని కనిపెట్టారు. రిషేకి 1913లో నోబెల్ వచ్చింది. ఇంజక్షన్‌కి ముందు ఆసుపత్రిలో టెస్ట్ డోస్ వేస్తారే, అది ఈ అలర్జీ భయంతోనే.

యాంటీబయాటిక్ మాత్రలు నీళ్లలో కరిగించి అనిమోన్‌ని అందులో ఉంచే పద్ధతి ఒకటుంది. బ్యాక్టీరియా జబ్బుకి విదేశాల్లో చేస్తారు. నేను చేయలేదు, చేయమని చెప్పను. నా అనిమోన్‌కి ఉన్నది ఆకలి, వేడి, ఉప్పు. వీటికి మాత్ర ఏం చేస్తుంది? పైగా ఆ మందునీళ్లు చివరికి పోయేది మన వీధి కాలువలోకే. యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే రొయ్యల కంటెయినర్లు వెనక్కి రావడం ఈ ప్రాంతంవాళ్లకు తెలియనిది కాదు.

ఆరో వారంలో వేళ్ల మొదట్లో పల్చటి టీ మరక లాంటి రంగు కనబడింది. నా భ్రమేమో అని మా ఆవిడని పిలిచాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, "మురికి పట్టిందేమో" అంది. అది నాచు తిరిగి రావడం. పూర్తి గోధుమరంగు రావడానికి ఐదు నెలలు పట్టింది.

కొన్ని బతకవు. పాదం వదిలేసి, ముట్టుకుంటే కరిగిపోతున్నట్టు ఉండి, కుళ్లిన వాసన వస్తే ఆశ వదులుకుని అప్పటికప్పుడు తీసేయండి. లేకపోతే రాత్రికి రాత్రి ట్యాంకులోని చేపలన్నిటినీ తీసుకుపోతుంది.

బతికితే ఎన్నాళ్లు బతుకుతుందని చాలామంది అడుగుతారు. స్కాట్లాండ్‌లో జాన్ డాలియెల్ అనే ఆయన 1828లో సముద్రపు ఒడ్డున ఒక అనిమోన్‌ని పట్టి గాజు జాడీలో పెంచాడు. ఆయన 1851లో పోయాడు. అనిమోన్ పోలేదు. గ్రానీ అని పేరు పెట్టి, చేతులు మారుస్తూ 1887 దాకా సాకారు. ఎల్‌ఈడీ లేదు, ఫిల్టరు లేదు, మన ఆవకాయ జాడీలాంటి ఏర్పాటు. అయితే అది చర్మంలో నాచు లేని రకం, వెలుతురుతో పని లేదు. ఆ కథ విని మీ బబుల్ టిప్‌ని జాడీలో వేయకండి.

నాది పోయిన కార్తీకంలో నిలువునా సాగి, మధ్యలో చీలి, రెండయింది. ఈ రకానికి అది మామూలే. రెండోదాన్ని బావమరిది కూతురికి ఇచ్చాను. వాళ్ల నాన్న రోజూ సాలినిటీ చూస్తాడు కాబట్టి నాకు బెంగ లేదు.

సరే, సీసాలు తెచ్చినవాళ్లు ఇటు వరసగా రండి. మూత మీద పేరు రాయనివాళ్లు రాయండి, పోయినసారి రెండు సీసాలు తారుమారయ్యాయి. గీత 35కి పైన ఉన్నవాళ్లు ఇంటికెళ్లి ఇవాళే మొత్తం మార్చేయకండి, రోజుకో మగ్గు. ఎవరమ్మా మొదట?